శాంపిల్ ఒకటి, సరుకు మరొకటి కాకుండా: విదేశాల నుంచి మిల్లు విడిభాగాలు తెప్పించుకునే పద్ధతి

"శాంపిల్ చాలా బాగుంది. డబ్బు కట్టాం. వచ్చిన సరుకు వేరేగా ఉంది. ఇప్పుడేం చేయాలి?"

మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల, వనపర్తి వైపు నుంచి నాకు ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. కొత్తగా దిగుమతి మొదలుపెట్టినవాళ్లే కాదు, మూడు నాలుగుసార్లు తెప్పించినవాళ్లు కూడా అడుగుతారు. డబ్బంతా చేతులు దాటాక అడిగితే నేను చెప్పగలిగేది చాలా తక్కువ. అందుకే ఆర్డర్‌కు ముందు నుంచి మొదలుపెట్టి వరుసగా రాస్తున్నాను.

నేను తెప్పించేవి రైస్ మిల్లు విడిభాగాలు. సార్టెక్స్ మెషీన్లకు, అంటే రంగు చూసి చెడ్డ గింజను ఏరే కలర్ సార్టర్లకు వేసే ఎజెక్టర్ వాల్వులు (చెడ్డ గింజను గాలితో పక్కకు ఊదేవి), ఎల్‌ఈడీ బార్లు, వడ్ల పొట్టు తీసే రబ్బరు రోళ్లు. ఎక్కువ భాగం చైనా నుంచే వస్తాయి. కలర్ సార్టర్ల తయారీకి అన్‌హుయి రాష్ట్రంలోని హెఫెయ్ నగరం పెద్ద కేంద్రం. ఉదాహరణలు వీటివే అయినా, మీరు తెప్పించేది పంపుసెట్టు భాగాలైనా, ప్యాకింగ్ మెషీనైనా వరుస ఇదే.

ముందు నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే కింది మెట్లలో సగం అక్కడే నేర్చుకున్నాను. నా రెండో ఆర్డర్‌లో 500 ఎజెక్టర్లు వచ్చాయి. అట్టపెట్టెలు బాగున్నాయి, లెక్క సరిపోయింది. నాలుగు మిల్లులకు ఇచ్చాను. వానాకాలం ధాన్యం ట్రాక్టర్లు మిల్లు గేటు దగ్గర వరుస కట్టిన రోజుల్లో ఒక మిల్లు నుంచి ఫోను వచ్చింది. "అన్నా, నల్ల గింజ బియ్యంలోకే పోతోంది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది." వెళ్లి ఒక వాల్వు విప్పి, గాలి గొట్టం తగిలించి, నీళ్ల తొట్టిలో ముంచాను. వాల్వు మూసి ఉండగానే మూత అతుకు దగ్గర సన్నటి బుడగల వరుస లేచింది. విప్పి చూస్తే లోపలి సీలు వేరే రంగులో, వేలితో నొక్కితే గట్టిగా ఉంది. శాంపిల్‌లో ఉన్నది మెత్తటి సీలు. కానీ దాన్ని ఎవరికి చూపించను? శాంపిల్‌ను ఎప్పుడో ఒక మెషీనుకు బిగించేశాను. ఆర్డర్ కాగితంలో ఉన్నది ఒక్క లైను: "ఎజెక్టర్ వాల్వు, 500, శాంపిల్ ప్రకారం". సప్లయర్‌కు డబ్బు మొత్తం ముట్టింది. ఉత్తరాలు రాశాను, ఫొటోలు పంపాను. పైసా తిరిగి రాలేదు.

కావలసినవి

కాగితాలు: పాన్, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్, కరెంటు ఖాతా, ఐఈసీ. ఐఈసీ అంటే దిగుమతి-ఎగుమతిదారు కోడ్. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి, రుసుము 500 రూపాయలు. సంఖ్య మీ పాన్ సంఖ్యే. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలను ఒకసారి ధ్రువీకరించాలి. మార్పేమీ లేకపోయినా చేయాలి, లేదంటే కోడ్ నిలిచిపోతుంది. ఓడ బయల్దేరాక ఈ విషయం తెలిసి పరుగులు పెట్టినవాళ్లను చూశాను. మీ బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ను (విదేశీ మారకం చూసే ఆ శాఖ గుర్తింపు సంఖ్య) కస్టమ్స్ వెబ్‌సైట్ ఐసీగేట్‌లో నమోదు చేయించుకోండి.

మనుషులు: సరుకు విడిపించే కస్టమ్స్ బ్రోకరు ఒకరు, రవాణా ఏర్పాట్లు చూసే ఫ్రైట్ ఫార్వర్డర్ ఒకరు, బ్యాంకులో విదేశీ మారకం చూసే అధికారి. ఈ ముగ్గురితో ఆర్డర్‌కు ముందే మాట్లాడాలి.

పనిముట్లు: మీ వస్తువును కొలిచేవి. నాకైతే మల్టీమీటరు, వెర్నియర్ కాలిపర్, రబ్బరు గట్టిదనం కొలిచే డ్యూరోమీటరు, గాలి పీడనం చూపే గేజీ, ఒక నీళ్ల తొట్టి. కొలవలేని వస్తువును దిగుమతి చేయకండి. కొనేవాడి దగ్గర కొలత లేకపోతే అమ్మేవాడు చెప్పిందే కొలత అవుతుంది.

మెట్టు 1. సీజను నుంచి వెనక్కి లెక్కపెట్టండి

మన దగ్గర వానాకాలం ధాన్యం అక్టోబరు చివర నుంచి, యాసంగి ధాన్యం ఏప్రిల్ నుంచి మిల్లులకు వస్తుంది. విడిభాగం అంతకు ముందే గోదాములో ఉండాలి. అక్టోబరు 10కి సరుకు కావాలంటే నా లెక్క ఇది: సముద్రం, రైలు, కస్టమ్స్ అన్నీ కలిపి 45 రోజులు. అంటే ఆగస్టు చివరికి సరుకు ఓడెక్కాలి. తనిఖీ ఆగస్టు మధ్యలో జరగాలి. తయారీకి నెల. అడ్వాన్సు జులై మధ్యకు వెళ్లాలి. శాంపిల్ జూన్‌లో ఖాయం కావాలి. కాబట్టి పని మొదలయ్యేది మే నెలలో, యాసంగి హడావిడి ఇంకా తీరకముందే.

చైనా వాళ్ల సెలవులను క్యాలెండరులో ఎర్ర సిరాతో రాసుకోండి. అక్టోబరు 1 నుంచి వారం రోజులు జాతీయ సెలవులు. వాళ్ల కొత్త సంవత్సరం జనవరి 21కి, ఫిబ్రవరి 20కి మధ్య ఏటా మారే తేదీన వస్తుంది. అప్పుడు కార్మికులు ఊళ్లకు వెళ్లిపోతారు, ఫ్యాక్టరీలు రెండు మూడు వారాలు, కొన్నిసార్లు నెల దాకా మూతపడతాయి. అసలు ప్రమాదం సెలవుకు ముందు పది పదిహేను రోజుల్లో ఉంటుంది. పెండింగ్ ఆర్డర్లన్నీ హడావిడిగా ముగిస్తారు. సెలవు తర్వాత కొత్త చేతులు పనిలోకి వస్తాయి. యాసంగికి సరుకు కావాలనుకుంటే నవంబరులోనే ఆర్డర్ ఇచ్చి, సెలవుకు నెల ముందే తనిఖీ ముగించండి.

ప్రత్యామ్నాయం: ఎజెక్టర్ల వంటి చిన్న, తేలిక వస్తువులు అత్యవసరమైతే శంషాబాద్‌కు విమానంలో తెప్పించవచ్చు. ఖర్చు ఎక్కువే అయినా మిల్లు ఆగిపోయే నష్టంతో పోల్చి చూసుకోండి. రబ్బరు రోళ్లకు ఇది కుదరదు, బరువు మీద ఛార్జీ పడుతుంది.

మెట్టు 2. అవతల ఉన్నది ఎవరో తేల్చుకోండి

అలీబాబా వంటి సైట్లలో కనిపించే పేరు ఇంగ్లీషు పేరు. దానికి చట్టపరమైన విలువ లేదు. కంపెనీ అసలు పేరు చైనీస్‌లో ఉంటుంది. వ్యాపార లైసెన్సు కాపీ అడగండి. దాని మీద 18 అక్షరాలు, అంకెల ఏకీకృత కోడ్ ఉంటుంది. దాన్ని చైనా ప్రభుత్వ కంపెనీల సమాచార వెబ్‌సైట్‌లో వెతికి, పేరు, చిరునామా, స్థాపించిన సంవత్సరం సరిపోతున్నాయో చూడండి. సైటు చైనీస్‌లోనే ఉంటుంది, ఫోనులోని అనువాద యాప్ సరిపోతుంది. వ్యాపార పరిధి అన్నచోట తయారీ ఉందా, అమ్మకం మాత్రమే ఉందా గమనించండి.

అమ్మకందారు అయితే వదిలేయమని చెప్పను. నాలుగు రకాల వస్తువులు కొద్దికొద్దిగా కావాలంటే మంచి అమ్మకందారే మేలు, ఫ్యాక్టరీలు చిన్న ఆర్డర్లను పట్టించుకోవు. కానీ ఫ్యాక్టరీనని చెప్పి అమ్మకందారుగా తేలితే అక్కడితో ఆపేయండి. మొదటి మాటలోనే అబద్ధం చెప్పినవాడు సీలు విషయంలో నిజం చెబుతాడని నేను నమ్మను.

వీడియో కాల్ అడగండి. ముందుగా చెప్పకుండా ఆ రోజే అడిగితే మంచిది. ఆఫీసు గది అక్కర్లేదు. వాల్వులను పరీక్షించే బల్ల చూపించమనండి. ఒక వాల్వును మీ కళ్లముందే పరీక్షించమనండి. పరీక్ష బల్ల లేని ఫ్యాక్టరీలో ఎన్ని మెషీన్లున్నా లాభం లేదు.

మెట్టు 3. కావలసినదాన్ని కొలతల్లో రాయండి

పని మొత్తంలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. "మంచి క్వాలిటీ", "ఒరిజినల్ లాంటిది", "శాంపిల్ ప్రకారం" అన్న మాటలు రాయకండి. వాటికి మీకొక అర్థం, సప్లయర్‌కు ఒక అర్థం. ప్రతి లైను ఎవరైనా కొలిచి "ఉంది" లేదా "లేదు" అని చెప్పగలిగేలా ఉండాలి.

ఎజెక్టర్‌కు ఇప్పుడు నేను రాసేవి ఇవి. పనిచేసే వోల్టేజీ. కాయిల్ నిరోధం, ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలవాలో సహా. గాలి పీడనం ఎంత నుంచి ఎంత వరకు. మూసి ఉన్నప్పుడు ఆ పీడనం దగ్గర నీటిలో 30 సెకన్లు ముంచితే బుడగ రాకూడదు. సీలు పదార్థం పేరు, రంగు, గట్టిదనం. బిగించే రంధ్రాల మధ్య దూరం, ఎంత తేడా వరకు ఒప్పుకుంటామో. కనెక్టరు రకం, వైరు పొడవు. ప్రతి వాల్వు మీద బ్యాచ్ సంఖ్య.

కాయిల్ నిరోధం దగ్గర ఉష్ణోగ్రత ఎందుకంటారా? రాగి తీగ నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. అక్కడి ఫ్యాక్టరీలో 20 డిగ్రీల దగ్గర కొలిచిన వాల్వును మీరు మే నెలలో, నల్లగొండ ఎండలో 42 డిగ్రీల దగ్గర కొలిస్తే ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ చూపిస్తుంది. వాల్వులో దోషమేమీ లేదు. ఈ తేడాతో సప్లయర్‌తో వారం రోజులు గొడవపడిన వ్యాపారి నాకు తెలుసు, చివరికి ఆయనే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

రబ్బరు రోలుకు గట్టిదనం షోర్-ఏ కొలతలో (డ్యూరోమీటరు చూపే అంకె) రాయండి. రోలు మీద కనీసం మూడు చోట్ల, రెండు అంచుల్లో, మధ్యలో, కొలవాలని కూడా రాయండి. ఒక అంచు మెత్తగా ఉంటే రోలు ఒకవైపే అరిగిపోతుంది. తయారీ నెల, సంవత్సరం రోలు మీదే ఉండాలి. రబ్బరు నిల్వలో కూడా ముసలిదవుతుంది.

పోచంపల్లి వైపు నుంచి పట్టు నూలు గురించి అడిగేవారికీ ఇదే మాట. "ఏ-గ్రేడు నూలు" అని రాసి ఊరుకోవద్దు. డెనియర్ (నూలు మందం కొలత) ఎంత, ఎంత తేడా వరకు, బరువును ఏ తేమ శాతం మీద లెక్కిస్తారు, ఇవన్నీ రాయండి. పట్టు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వ్యాపారంలో ప్రామాణికంగా తీసుకునేది పొడి బరువు మీద 11 శాతం తేమ. అది రాయకపోతే నీళ్లకు కూడా పట్టు ధర కడతారు.

పత్రం చివర లోపాలను మూడు రకాలుగా విడగొట్టండి. షాక్ కొట్టేవి, మంట పుట్టించేవి ప్రమాదకరమైనవి, ఒక్కటి కూడా ఉండకూడదు. పని చెడగొట్టేవి పెద్ద లోపాలు: గాలి కారడం, బిగింపు కుదరకపోవడం. గీతలు, రంగు మరకలు చిన్న లోపాలు. ఈ పత్రాన్ని ఇంగ్లీషులో, చైనీస్‌లో పక్కపక్కనే పెట్టి పంపండి. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి చదివేది చైనీస్ భాగమే.

మెట్టు 4. మూడు శాంపిళ్లు తీసుకోండి, రెండింటిని వాడకండి

ఒకటి మెషీనుకు బిగించి కనీసం కొన్ని వారాలు నడపండి, మన దుమ్ములో, మన కంప్రెసర్ గాలితో. గాలిలో తేమ, నూనె ఉంటే ఏ వాల్వైనా త్వరగా పాడవుతుంది. కాబట్టి పరీక్షకు ముందు మిల్లులో ఎయిర్ ఫిల్టరు, డ్రయ్యరు సరిగా ఉన్నాయో చూసుకోండి. లేదంటే మంచి వాల్వును చెడ్డదంటారు.

రెండోది సంచిలో పెట్టి, సీలు వేసి, తేదీ, మీ సంతకం రాసి బీరువాలో పెట్టండి. మూడోదాన్ని అలాగే సీలు చేసి సప్లయర్‌కు తిరిగి పంపండి, తనిఖీకి వచ్చే మనిషి దానితోనే పోల్చాలి. రెండింటినీ లోపలా బయటా ఫొటోలు తీయండి, కొలతలు రాయండి.

సాధారణంగా జరిగే పొరపాటు: సప్లయర్ శాంపిల్‌ను ప్రత్యేకంగా ఏరి పంపుతాడు. అందుకే మొదటి ఆర్డర్ చిన్నది పెట్టండి. 500 కావాలంటే 50తో మొదలుపెట్టండి. ధర కాస్త ఎక్కువ పడుతుంది. ఆ తేడాను ఫీజు అనుకుని కట్టండి.

మెట్టు 5. డబ్బును భాగాలుగా, షరతులతో పంపండి

మామూలుగా 30 శాతం అడ్వాన్సు, మిగిలిన 70 శాతం ఓడెక్కే ముందు అడుగుతారు. ఆ 70 శాతం మీ దగ్గర ఉన్నంత వరకే మీ మాట నడుస్తుంది. ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌లో (ఆర్డర్‌కు ముందు సప్లయర్ ఇచ్చే ముసాయిదా బిల్లు) ఈ వాక్యం పెట్టించండి: "మిగిలిన మొత్తం, కొనుగోలుదారు నియమించిన సంస్థ తనిఖీ చేసి సరుకు సరిపోయిందని నివేదిక ఇచ్చిన తర్వాతే చెల్లించాలి. సరిపోకపోతే సప్లయర్ తన ఖర్చుతో సరిచేయాలి, మళ్లీ జరిగే తనిఖీ ఖర్చూ అతనిదే." మెట్టు 3లోని పత్రాన్ని దీనికి జతచేయండి. రెండింటి మీదా కంపెనీ చైనీస్ పేరుతో ఉన్న ఎర్ర ముద్ర పడాలి. అక్కడ సంతకం కన్నా ముద్రకే విలువ ఎక్కువ.

హెచ్చరిక: బ్యాంకు ఖాతా పేరు, ఇన్‌వాయిస్ మీది కంపెనీ పేరు ఒకటే ఉండాలి. వ్యక్తి పేరిట ఖాతా ఇస్తే పంపకండి. "మా ఖాతా మారింది, ఈసారి దీనికి పంపండి" అని ఈమెయిల్ వస్తే అది మోసమనే అనుకోండి. మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు, మీ దగ్గర పాతకాలం నుంచి ఉన్న నంబరుకు ఫోను చేసి, గొంతు గుర్తుపట్టి నిర్ధారించుకోండి. మెయిళ్ల మధ్యలో దొంగలు దూరి సరిగ్గా 70 శాతం కట్టే రోజునే ఇలా రాస్తారు. వెళ్లిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం.

పెద్ద ఆర్డర్లకు బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరవవచ్చు, అంటే అడిగిన కాగితాలు చూపితే సప్లయర్‌కు డబ్బు ఇస్తామని బ్యాంకు ఇచ్చే హామీ. కానీ అది ఉంటే నాణ్యతకు భరోసా అనుకోకండి. వీటికి బ్యాంకులు పాటించే యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమాల ప్రకారం బ్యాంకు కాగితాలనే చూస్తుంది, సరుకును చూడదు. కాగితాలు సరిగా ఉంటే పెట్టెలో ఇటుకలున్నా డబ్బు వెళ్తుంది. అందుకే అడిగే కాగితాల జాబితాలో తనిఖీ సంస్థ ధ్రువపత్రాన్ని తప్పకుండా చేర్పించండి.

ధరను ఎఫ్‌ఓబీ మీద మాట్లాడుకోండి. అంటే సప్లయర్ తన రేవులో ఓడ ఎక్కించే వరకే చూస్తాడు, ఆ తర్వాత ఓడ ఖర్చు, బీమా ఖర్చు మీరే పెట్టుకోవాలి. ఓడ, బీమా ఖర్చులు సప్లయరే కలిపి చెప్పే సీఐఎఫ్ ధర చౌకగా కనిపిస్తుంది. ముఖ్యంగా కంటైనరులో కొంత భాగం మాత్రమే తీసుకునే చిన్న సరుకుకు అక్కడ రవాణా దాదాపు ఉచితమన్నట్టు చెప్పి, ఇక్కడ దిగాక రకరకాల పేర్లతో ఛార్జీలు వేస్తారు. దిగే చోట ఛార్జీలెంతో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

మెట్టు 6. ఓడెక్కే ముందు తనిఖీ చేయించండి

తయారీ మధ్యలో ఒకసారి ఫొటోలు అడగండి, ముఖ్యంగా సీలు, కాయిల్ బిగించక ముందు. అది చిన్న పని. అసలు తనిఖీ సరుకు మొత్తం తయారై, కనీసం 80 శాతం పెట్టెల్లోకి ఎక్కాక జరగాలి. ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్, ఇంటర్‌టెక్ వంటి సంస్థలు మనిషిని పంపుతాయి. ఒక రోజుకు కొన్ని వందల డాలర్లు అవుతుంది. చిన్న ఆర్డర్‌కు ఇది బరువే. అప్పుడు మిర్యాలగూడలో ఇద్దరు ముగ్గురు వ్యాపారులు కలిసి ఒకే ఊరి సప్లయర్ల దగ్గర ఒకే రోజు తనిఖీ పెట్టించుకుని ఖర్చు పంచుకోండి. మేం అలాగే చేస్తున్నాం.

ఎన్ని చూడాలి, ఎన్ని చెడిపోతే తిప్పి కొట్టాలి అన్నదానికి ఐఎస్‌ఓ 2859-1 అనే ప్రమాణం ఉంది. మన దగ్గర ఐఎస్ 2500 అదే పని చేస్తుంది. సాధారణ తనిఖీ స్థాయి రెండు ప్రకారం లెక్క ఇలా ఉంటుంది:

500 ముక్కల లాటులో 50 చూడాలి. పెద్ద లోపాలకు ఏక్యూఎల్ (ఆ ప్రమాణంలోని లోపాల పరిమితి) 2.5 పెట్టుకుంటే 3 వరకు ఒప్పుకోవాలి, 4 వస్తే తిరస్కరించాలి. చిన్న లోపాలకు 4.0 పెట్టుకుంటే 5 వరకు సరే, 6 వస్తే కాదు.

1,000 ముక్కల లాటులో 80 చూడాలి. పెద్ద లోపాలు 5 వరకు సరే, 6 కాదు. చిన్నవి 7 వరకు సరే, 8 కాదు.

ప్రమాదకర లోపం ఒక్కటి కనిపించినా లాటు మొత్తం ఆగాలి.

ఈ అంకెలు చూసి "లాటు నెగ్గితే సరుకంతా మంచిదే" అనుకోకండి. కొన్ని చెడ్డవి ఎలాగూ వస్తాయి. అందుకే ఆర్డర్‌లోనే రెండు మూడు శాతం ఉచిత అదనపు ముక్కలు అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

తనిఖీ మనిషికి మూడు విషయాలు రాసి పంపండి. పెట్టెలను తనే ఎంచుకోవాలి, అడుగు వరుస నుంచి, వెనక వరుస నుంచి కూడా. సీలు చేసిన శాంపిల్‌ను పక్కన పెట్టి ఫొటో తీయాలి. కనీసం ఐదు ముక్కలు విప్పి లోపలి సీలు చూపించాలి. మూడోది అడగకపోతే ఎవరూ విప్పరు. నా 500 వాల్వులకు ఆనాడు తనిఖీ చేయించినా, విప్పమని రాయకపోతే ఆ సీలు బయటపడేది కాదు.

నివేదిక బాగాలేకపోతే సప్లయర్ "ఓడ దాటిపోతోంది, ముందు ఎక్కిద్దాం, వచ్చే ఆర్డర్‌లో సరిచేస్తా" అంటాడు. ఒప్పుకోకండి. ఓడలు ప్రతి వారం ఉంటాయి.

మెట్టు 7. ప్యాకింగ్, బీమా

సముద్రం మీద పగలు వేడి, రాత్రి చలి. కంటైనరు లోపల చెమట పట్టినట్టు నీళ్లు కారతాయి. ఎలక్ట్రికల్ వస్తువులకు సంచులు, సిలికా జెల్, బయట ఐదు పొరల అట్టపెట్టె రాయించండి. చెక్క పెట్టె, ప్యాలెట్ వాడితే వాటి మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కకు పురుగు పట్టకుండా శుద్ధి చేశారనే గుర్తు) తప్పనిసరి. ముద్ర లేని చెక్క రేవులో పురుగుల తనిఖీ దగ్గర ఆగిపోతుంది. లోడింగ్ ముందు ఆ ముద్ర ఫొటో తెప్పించుకోండి.

బీమా సరుకు, రవాణా కలిపిన విలువకు పది శాతం చేర్చి చేయడం ఆనవాయితీ. రేవు వరకే కాకుండా మీ గోదాము వరకు ఉందో చూడండి.

మెట్టు 8. కస్టమ్స్

ముంబయి దగ్గరి నావశేవా రేవులోనో చెన్నైలోనో దిగిన కంటైనరును రైల్లో హైదరాబాద్ సనత్‌నగర్ డిపోకు తెప్పించి అక్కడ విడిపించుకోవచ్చు. బ్రోకరుకు ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బీఎల్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు), బీమా, ఉత్పత్తి దేశ ధ్రువపత్రం ముసాయిదాలను ఓడ బయల్దేరక ముందే పంపండి. పేరులో ఒక్క అక్షరం తప్పినా దిద్దించుకోవడానికి అప్పుడు సులువు. బిల్ ఆఫ్ ఎంట్రీని (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన) సరుకు వచ్చే రోజుకు ముందు రోజు ముగిసేలోపే వేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, తర్వాత రోజుకు 10,000 రూపాయల రుసుము పడుతుంది. కంటైనరు అద్దె దానికి అదనం.

ఎక్కువమంది చేసే తప్పు, సుంకం కోసం వస్తువుకు రాసే హెచ్‌ఎస్ కోడ్ దగ్గర. ధాన్యం వేరుచేసే మెషీను 8437 కిందికి వస్తుంది కదా అని దాని భాగాలన్నిటికీ అదే రాస్తారు. వాల్వుకు 8481, బేరింగుకు 8482 అని సొంత శీర్షికలున్నాయి. తప్పు రాస్తే సుంకం తేడాతోపాటు వడ్డీ, జరిమానా కట్టాలి. మీ వస్తువుకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ తప్పనిసరా అన్నది కూడా ఆ కోడ్ మీదే తెలుస్తుంది. తప్పనిసరి అయితే ఆ విదేశీ ఫ్యాక్టరీకే లైసెన్సు ఉండాలి. కాబట్టి అడ్వాన్సు పంపకముందే బ్రోకరును అడగండి.

సుంకం లెక్క మీరే వేసుకోవడం నేర్చుకోండి. సరుకు విలువ 10,00,000 అనుకుందాం. మూల సుంకం 7.5 శాతం అయితే 75,000. దాని మీద పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 7,500. మొత్తం 10,82,500 మీద ఐజీఎస్‌టీ (దిగుమతి మీద పడే జీఎస్‌టీ) 18 శాతం అయితే 1,94,850. కట్టాల్సింది 2,77,350. కట్టిన ఐజీఎస్‌టీని తర్వాత మీ జీఎస్‌టీ లెక్కలో జమగా తీసుకోవచ్చు, కానీ ఆ రోజు మాత్రం చేతిలో డబ్బు ఉండాలి.

సరుకు విడిపించాక బిల్ ఆఫ్ ఎంట్రీ మీరు పంపిన డబ్బుకు జతపడిందో లేదో బ్యాంకులో అడిగి చూసుకోండి. జతపడకపోతే తర్వాతి చెల్లింపు ఆగుతుంది.

మెట్టు 9. దిగిన రోజే తెరవండి

లారీ తలుపు తెరిచే ముందు కంటైనరు సీలు సంఖ్య ఫొటో తీయండి. బీఎల్‌లోని సంఖ్యతో సరిపోవాలి. తడిసిన, నలిగిన పెట్టెలను దించే ముందే, ఉన్నచోటే ఫొటో తీయండి. నష్టం కనిపిస్తే అదే రోజు ఫార్వర్డరుకు, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. బీమా సర్వేయరు వచ్చే వరకు పెట్టెలు పారేయకండి.

తర్వాత మీ సొంత పరీక్ష. తనిఖీలో చూసినన్ని ముక్కలు మీరూ తీయండి, వేరే పెట్టెల నుంచి. బీరువాలోని సీలు శాంపిల్ బయటికి తీసి పక్కన పెట్టండి. ఒక్కో వాల్వుకు గాలి తగిలించి నీటిలో ముంచి, 30 సెకన్లు గడియారం చూస్తూ కూర్చోండి. మొదటి పది సెకన్లలో బుడగ రాకుండా, ఇరవై దాటాక ఒక్కటి లేచే వాల్వులుంటాయి. తొందరపడేవాడి చేతిలో అవి నెగ్గిపోయి, మిల్లులో పదిహేను రోజులకు కారడం మొదలుపెడతాయి. సూది మొన అంత బుడగ కూడా ఓటమి కిందే లెక్క. పరీక్ష అయ్యాక తుడిచి, ఆరనిచ్చి పెట్టెలో పెట్టండి.

రబ్బరు రోళ్లను రేకుల షెడ్డు కింద, ఎండ తగిలే గోడ పక్కన పేర్చకండి. వేడికి రబ్బరు గట్టిపడుతుంది. వేసవి దాటాక పగుళ్లు కనిపిస్తే, తప్పు ఫ్యాక్టరీదో గోదాముదో తేల్చలేరు.

మెట్టు 10. తేడా వస్తే

కోపంతో పొడవాటి మెయిల్ రాయకండి. ఒక పట్టిక పంపండి: ఏ లైను, ఎంత ఉండాలి, ఎంత ఉంది, ఎన్ని చూస్తే ఎన్ని తప్పాయి, బ్యాచ్ సంఖ్య, వీడియో. చివర ఒక్క కోరిక స్పష్టంగా: ఇన్ని ముక్కలు బదులు పంపండి, లేదా ఇంత మొత్తం వచ్చే ఇన్‌వాయిస్‌లో తగ్గించండి. డబ్బు వెనక్కి ఇవ్వడం కన్నా బదులు సరుకుకు, తగ్గింపుకు సప్లయర్లు త్వరగా ఒప్పుకుంటారు. ఉచితంగా పంపే బదులు సరుకుకు కూడా ఇక్కడ సుంకం పడుతుందని మరిచిపోకుండా బేరంలో కలపండి.

చెడ్డ ముక్కలను మిల్లులకు అమ్మి వదిలించుకోవాలనే ఆలోచన వద్దు. మిల్లు యజమాని ఎగవేసిన బిల్లు ఏదో ఒకనాటికి వసూలవుతుంది. సీజను మధ్యలో ఆగిన మిల్లు మాత్రం మళ్లీ మీ దుకాణం మెట్లెక్కదు.

పద్ధతి పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం

ఒక నోటుబుక్కు పెట్టండి. ఒక్కో లాటుకు ఒక పేజీ: సప్లయర్, బ్యాచ్, వచ్చిన తేదీ, మీ పరీక్షలో తప్పినవి, ఏ మిల్లుకు ఎన్ని ఇచ్చారు, మూడు నెలల్లో ఎన్ని తిరిగి వచ్చాయి. తిరిగి వచ్చిన ప్రతి వాల్వును విప్పి కారణం రాయండి: సీలా, కాయిలా, మిల్లులోని తడి గాలా. అన్నీ సప్లయర్ తప్పులు కావు. తిరిగి వచ్చినవాటిలో చాలా వాటికి కంప్రెసర్ డ్రయ్యరే కారణమని నా పుస్తకం చూస్తే తెలిసింది. అప్పటి నుంచి వాల్వుతోపాటు ఫిల్టరు మార్చమని కూడా చెబుతున్నాను.

మూడు లాట్లు వరుసగా బాగున్నాక సప్లయర్లు ధర తగ్గిస్తామంటారు. తగ్గించిన ధరకు వచ్చే మొదటి లాటుకు కొత్త సప్లయర్‌కు చేసినంత తనిఖీ చేయండి. తగ్గిన ఆ కొన్ని యువాన్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. ముందుగా సీలు విప్పండి.